కాంతమ్మ చెయ్యి ఆనించిన పట్టా

1986 వానాకాలం. అప్పుడు నేను రైల్వేలో బ్రిడ్జ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు పోయే లైనులో, ఒక వాగు మీద పాత ఇనుప వంతెన ఉండేది. ఆ లైనులో బండ్ల వేగం పెంచాలని పైవాళ్లు అనుకున్నారు. ఆ వేగానికి వంతెన తట్టుకుంటుందో లేదో చూసి చెప్పడం నా పని.

నిలబడ్డ బండి బరువు వేరు, దూసుకుపోయే బండి మోపే బరువు వేరు. వేగానికి గర్డర్, అంటే పట్టాలను మోసే ఇనుప దూలం, వంగుతుంది, ఊగుతుంది. ఆ వంపును డిఫ్లెక్షన్ అంటాం. దూలం కింద పరికరం బిగించి, ఇంజన్‌ను రకరకాల వేగాలతో నడిపించి కొలుస్తాం.

ఆ కొలతలప్పుడే వరినాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద అయిన కాంతమ్మను చూశాను. వాగు పొంగితే అవతలి పొలాలకు ఆ వంతెనే దగ్గరి దారి. పక్కన నడిచే బాట లేదు, పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్ల మీదే అడుగులు. కాంతమ్మ ఇవతలి ఒడ్డున కూర్చుని పట్టా మీద అరచెయ్యి ఆనించేది. ఆడవాళ్లంతా దాటేదాకా చెయ్యి తీసేది కాదు. పట్టా జుమ్మంటే కేక వేసేది, వాళ్లు పరుగెత్తేవాళ్లు. చివరికి తను ఒక్కతే దాటేది.

నాకు ఒళ్లు మండింది.

"బండి దూరంగా ఉండగానే పట్టా జుమ్మంటుంది, నిజమే. కానీ ఆ దూరాన్ని బండి ఇకమీద చాలా తొందరగా దాటేస్తుంది. నీ కేక విని పరుగెత్తే టైముండదు కాంతమ్మా. రోడ్డు మీదుగా పోండి."

"రోడ్డెంట పోతే ఆడికి చేరేసరికే పొద్దెక్కుతది సారూ. నాట్లెప్పుడెయ్యాలె?"

"సరే, నువ్వు దాటేటప్పుడు చెయ్యి ఎవరు పెడతారు?"

ఆమె నవ్వింది. "నాకెందుకు? గిప్పుడే చూస్తి గద."

వంతెన ఆ వేగాన్ని తట్టుకుంటుందని రాశాను. పక్కన నడకబాట వెయ్యాలని కూడా రాశాను. వంతెన మీద నడవడమే నిషేధం, నడవకూడనివాళ్లకు బాట ఎందుకన్నారు పైవాళ్లు. స్వయంగా వెళ్లి అడిగితే, "నీ పని వంతెనను చూడటమయ్యా" అన్నాడు మా అధికారి. చట్టం ఆయన వైపే ఉంది.

వేగం పెంచారు. నాట్లింకా అయిపోలేదు. ఆరోజు ఆడవాళ్లంతా దాటాక, కాంతమ్మ పట్టా మీంచి చెయ్యి తీసి నడక మొదలుపెట్టింది. సగం దాటేసరికి మలుపులోంచి గూడ్సు బండి వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి అందరూ ఉరుకు, ఉరుకు అని అరిచారట. ఉరికింది. చాలలేదు.

కబురు తెలిసి వెళ్లి, స్టేషన్ నుంచి నేను ఫోన్ చేస్తే అధికారి అడిగిన మొదటి మాట, "గర్డర్‌కేమన్నా అయిందా?"

"గర్డర్‌కేమీ కాలేదు సార్" అన్నాను.

కాంతమ్మ భర్త దావీదు అక్కడే నిలబడి విన్నాడు.

"వంతెన గట్టిదేనా సారూ?"

"అవ్" అన్నాను.

వంతెన గట్టిదని తేల్చడం ఎంత చిన్న పనో ఆరోజు తెలిసింది. ఆ తర్వాత నా ఉద్యోగం మీద నాకు మునుపటి గర్వం ఎన్నడూ కలగలేదు.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాను. కాంతమ్మ చెల్లెలు అదే చోట పట్టా మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. వద్దందామంటే, రోడ్డు తప్ప చూపించడానికి నా దగ్గర వేరే దారి లేదు. అందరూ దాటాక ఆమె లేచింది. ఆమె అవతలి ఒడ్డు చేరేదాకా నేను కూర్చుని పట్టా మీద చెయ్యి పెట్టాను. మర్నాడు నాకు వేరే వంతెన దగ్గర పని ఉంది.