చెంగల్రాయుడుగారి రెండో తాళంచెవి

మీ దగ్గర కళ్ళజోళ్ళు ఎన్ని ఉన్నాయి? ఒకటే అంటారా? అయితే చెంగల్రాయుడుగారి దృష్టిలో మీరు అజాగ్రత్తపరులే కాదు, పదిమందికీ ప్రమాదకరమైన మనుషులు కూడా. మాధవరం పాలకాలనీలో ఆయన్ను ఎరిగినవారందరికీ ముందుగా తెలిసే సంగతి ఇదే: ఏ వస్తువైనా ఆయనకు రెండు ఉండి తీరాలి. గొడుగులు రెండు, గడియారాలు రెండు, కుక్కర్లు రెండు. జార్జి టౌనులోని తన పురికొసల అంగడికి వెళ్ళడానికి బస్సెక్కితే టిక్కెట్లు కూడా రెండే. ఒకటి గాలికి ఎగిరిపోయి, సరిగ్గా అప్పుడే తనిఖీవాడు ఎక్కితే గతేమిటన్నది ఆయన వాదన.

"ఈ ఇంట్లో స్పేరు లేనిది నేనొక్కదాన్నే. దానికే ఇంత పదిలంగా చూసుకుంటా ఉండారు" అనేది ఆయన భార్య పంకజం.

ఎదురింటి ఆశకు మాత్రం ఈ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. ఆ ఏడే, అంటే తొంభై ఏడులో, ఆమె న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుంది. నల్లకోటు కొత్తది, ఆవేశం అంతకన్నా కొత్తది, కక్షిదారులు ఇంకా లేరు. కాబట్టి ఆమె వాదనలన్నీ వీధివాళ్ళే వినవలసి వచ్చేది.

"మామా, ఒక్క గొడుగు కూడా లేనివాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉండారో తెలుసా? మీరు రెండోది దాచుకోవడం నైతికంగా దోపిడీ."

"నిజమేమా" అన్నారాయన నెమ్మదిగా. "నీ కాడ పెన్నులు ఎన్ని ఉండాయి?"

"ఒకటి."

"కోర్టులో ఇంకు అయిపోతే?"

ఆశ ఆ ప్రశ్నను అప్రస్తుతమని కొట్టివేసింది. మరుసటి వారం కోర్టులో ఇంకు అయిపోయింది. ఆ సంగతి ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా, ఎన్నూరు విద్యుత్కేంద్రంలో పనికి వచ్చిన ఒక జర్మనీ ఇంజనీరు స్వదేశానికి వెళ్ళిపోతూ తన కారును చెంగల్రాయుడుగారికి అమ్మాడు. చేతిలోని తాళంచెవికి ఉన్న మీట నొక్కితే చాలు, దూరం నుంచే కారు కూతపెట్టి తలుపులు తెరిచేది. ఆ వింత చూడడానికి వీధి వీధంతా వచ్చింది. కారు కొన్న మనిషి మాత్రం కారు వంక చూడనే లేదు.

"రెండో బీగంచెవి ఏదీ?" అన్నారు.

రెండోది ఎన్నూరు వాగులో చేపలు పడుతుండగా ఇంజనీరు జేబులోంచి జారిపోయిందట.

ఆనాటి నుంచి ఆయన సగం అన్నమే తినేవారు. జార్జి టౌను సందుల్లో అంత కారు పట్టదు గనుక దాన్ని ఇంట్లో షెడ్డులోనే ఉంచి, ఉన్న ఒక్క తాళంచెవినీ మొలతాడుకు కట్టుకుని, బస్సులోనే అంగడికి పోయేవారు. కట్టింది కూడా రెండు పురికొసలతో. "ఒకటి నా ఒంటిమీద ఉండాల. ఇంకొకటి ఇంకో చోట ఉండాల. అదీ పద్ధతి" అనేవారు.

మొదట ఆయన అంగడి పక్కనే తాళాలు బాగుచేసే చిన్నతంబి ప్రయత్నించాడు. షెడ్డుకే వచ్చి గంటసేపు ఆకురాయి ఆడించి, అచ్చం అలాంటి చెవినే తయారుచేశాడు. దానితో కారు తలుపు తెరుచుకుంది. ఇంజను రెండు క్షణాలు ఉరిమి ఆగిపోయింది. అసలు చెవి లోపల గోరంత చిప్పు ఒకటి ఉంటుందట, అది లేనిదే ఇంజను నడవదట.

"తలుపు నన్ను నమ్మింది నాయనా, ఇంజను నమ్మలే" అన్నాడు చిన్నతంబి దిగులుగా.

ఆ పనికిరాని చెవిని కూడా చెంగల్రాయుడుగారు రెండు చేయించుకున్నారు.

ఇక మిగిలింది ఆ కార్లను దిగుమతి చేసే సంస్థ. అక్కడి కృష్ణస్వామి అనే ఉద్యోగి కాగితాలన్నీ చూసి, జర్మనీ నుంచి తెప్పించడానికి మూడు వారాలు పడుతుందన్నాడు.

"ఆవణి పుట్టేలోపల రావాల" అన్నారు చెంగల్రాయుడుగారు, తమిళుల లెక్కలో ఆగస్టు నడుమ మొదలయ్యే నెలను తలుచుకుంటూ.

"ఏదైనా ముహూర్తమా సార్?"

"అట్లాంటిదే."

నాలుగో వారం గడిచినా చెవి రాలేదు. ఆవణి నెలకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. ఆయన ముఖం చూసిన ఆశకు తన తొలి కక్షిదారు దొరికాడని తెలిసిపోయింది.

"ఇది స్పష్టమైన సేవాలోపం మామా. నోటీసు పంపిద్దాం."

"కృష్ణస్వామి మంచోడుమా. ఇంకో తూరి అడిగి చూద్దామా?"

"మంచితనం సాక్ష్యం కాదు మామా."

ఆమె ఆరు పేజీల నోటీసు రాసింది. అందులో మూడు సెక్షన్లు, రెండు లాటిన్ మాటలు, వినియోగదారుడి ఆత్మగౌరవం గురించి ఒక పేరా ఉన్నాయి. చెంగల్రాయుడుగారికి లాటిన్ అర్థం కాలేదు గాని, నోటీసు మాత్రం రెండు ప్రతులు పంపించారు.

బొంబాయిలోని సంస్థ పెద్దాఫీసు నుంచి పదకొండు పేజీల జవాబు వచ్చింది. ఆశ మండిపడి కృష్ణస్వామి ఎదుట వెళ్ళి కూర్చుంది. అతను ముందుగా ఆమెకు కాఫీ తెప్పించాడు.

"మేడమ్, మీ మామ చెవి పోయిన నెల్లోనే హార్బరుకి వచ్చేసింది. కస్టమ్స్ దాటి ఇదో, ఈ టేబుల్ మీదికి కూడా వచ్చింది. ఫోను చేద్దామని నేను రిసీవరు ఎత్తినాను. అప్పుడు మీ నోటీసు వచ్చింది."

"అయితే?"

"లీగల్ వాళ్ళు వచ్చి దానికి సీలు వేసి బొంబాయికి తీసుకుని పోయినారు. ఇప్పుడది చెవి కాదు మేడమ్, సాక్ష్యం."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు లాయరు. మీకు తెలీనిదా?"

ఆశకు తెలుసు. అందుకే కాఫీ సగంలో వదిలేసి లేచింది.

ఆమె కాలనీకి చేరేసరికి వాన కురుస్తోంది. ఉన్న ఒక్క గొడుగూ కృష్ణస్వామి ఆఫీసులో మరిచిపోయి వచ్చింది. తడిసి ముద్దయి, వెనక వీధిలో పాలవ్యాను డ్రైవరు కాటయ్య ఇంటి చూరు కింద నిలబడితే, అతని భార్య పచ్చయమ్మ లోపలికి పిలిచింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు కలైసెల్వి నిండు గర్భంతో గోడకు చేరగిలబడి ఉంది.

పచ్చయమ్మ ముక్కుమీద ఉన్న కళ్ళజోడును ఆశ ఎక్కడో చూసింది. తలుపు మూలనున్న గొడుగునూ చూసింది. గోడ మీది గడియారం, పొయ్యి మీద కూతపెడుతున్న కుక్కరు కూడా పరిచయమైనవే.

"ఇవన్నీ..."

"మన రాయుడయ్య స్పేరుమా" అంది పచ్చయమ్మ. "ఇంట్లో ఎత్తిపెడితే తుప్పు పడతాదంట. మీరు వాడతా ఉండండి, నాకు కావాల్సినప్పుడు అడుగుతా అన్నారు. ఇన్నేండ్లకి ఒక్కతూరి కూడా అడగలే. ఈ కళ్ళజోడు నా కంటికని కొలిపించి చేయించినారు. ఆయన స్పేరు నాకెట్ల సరిపోయిందో మరి."

గడియారం కింద కొత్త మేకు ఒకటి ఉత్తగా ఉంది.

"ఇది దేనికక్కా?"

"అయ్య కారు బీగంచెవికి. వానొస్తే ఈ వీధిలోకి ఆటోవాడు రాడు గదా. దీనికి ఆవణి పుట్టగానే కాన్పు. అయ్య పగలంతా టౌనులో ఉంటారు. రెండోది రాగానే ఈడ తగిలిస్తా, కాటయ్య బండి తీసేస్తాడు అన్నారు. ఇంకా రాలేదంట. ఎవరు అడ్డం పడినారో ఏమో."

అడ్డం పడిన మనిషి తడిబట్టలతో తల వంచుకుంది. రెండోది దాచుకోవడం దోపిడీ అని తాను చెప్పిన తీర్పును ఆమె మనసులోనే, ఖర్చులతో సహా కొట్టివేసుకుంది.

ఆ సాయంత్రమే ఆశ జరిగినదంతా చెంగల్రాయుడుగారికి చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. మొలతాడుకున్న తాళంచెవిని ఒకసారి తడుముకున్నారు.

మరునాడు పొద్దున హైకోర్టుకని బస్టాపులో నిలబడిన ఆశకు ఆయన కాటయ్య ఇంటి వైపు నుంచి వస్తూ కనిపించారు. బస్సెక్కాక ఆయన చెయ్యి మాటిమాటికీ నడుము దగ్గరికి పోతోంది. అక్కడ రెండు పురికొసలు ఉత్తగా వేలాడుతున్నాయి. ఆయన ఎప్పటిలాగే రెండు టిక్కెట్లు కొని, ఒకటి ఆశ చేతిలో పెట్టారు.

"మామా, ఆ నోటీసు వెనక్కి తీసుకుంటా. క్షమాపణ రాసి అయినా రెండోది తెప్పిస్తా."

"క్షమాపణ రాయాల్సిందేమా, కృష్ణస్వామి మంచోడు. బీగంచెవి మాత్రం అడగొద్దు" అన్నారాయన. "రాత్రంతా ఆలోచించినా. నాకు బస్సు ఉండాది. దానికి స్పేరు ఆ కారు. స్పేరుకి మళ్ళా స్పేరు ఏంటికి? ఉన్నదాన్ని కాటయ్య ఇంట్లోనే ఉండనిస్తా. నాకు కావాల్సి వస్తే నేనే పోయి అడుగుతా."