పర్లేదక్కా, చివరి ఫారమూ

ఆ వీధిలో సగం మందికి ఆవిడ అసలు పేరు తెలీదు. తెలిసిన మిగతా సగం మందీ పర్లేదక్క అనే పిలుస్తారు. టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయాను అక్కా అంటే, పర్లేదు. ఫ్యానుగాలి అంతా నాకే తగులుతోంది, నీవైపు తిప్పనా అంటే, పర్లేదు. ఆ మధ్యెప్పుడో ఒక సంబంధం దాదాపు కుదిరినంత పనైంది. అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా అని అతని తల్లే ఎదురుగా కూర్చుని అడిగితే, "పర్లేదండీ" అంది. ఆ తల్లి మొహం ముడుచుకుని లేచిపోయింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అందరికన్నా ముందు నవ్వేది ఆవిడే.

తండ్రి పెట్టిన బైండింగ్ షాపును తమ్ముడు చూసుకుంటున్నాడు. ముందు గదిలో కట్టింగ్ మిషనూ, జిగురు గిన్నే, అట్టల దొంతరలూ అతని రాజ్యం. వెనక గదిలో కిటికీ పక్కన చిన్న బల్లా, సూదీ, మైనం పూసిన దారం ఆవిడవి. లైబ్రరీ నుంచి చిరిగిన పుస్తకాలు మూటలుగా వస్తాయి. పాత అట్ట పీకి, పాత దారం తెంపి, ఆవిడ పుస్తకాన్ని ఫారాలుగా విడదీస్తుంది. ఫారం అంటే మరేం లేదు, పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చు వేసి మడత పెట్టిన చిన్న కట్ట. అలాంటివన్నీ వరుసగా కుడితేనే పుస్తకం. కుట్టే ముందు ఒక ఫారం చివరి పేజీ అంకె, తర్వాతి ఫారం మొదటి పేజీ అంకె కలిశాయా లేదా చూసుకోవాలి. ఫారం తప్పితే బైండరు సూది అవతల పారెయ్యాలనేవాడు తండ్రి.

అందుకని ఆవిడ చూపు ఎప్పుడూ ఆ మూలలకే పోయేది. అంకెతో పాటు పక్కనున్న వాక్యమూ కంటపడేది. ఒక ఫారం "తలుపు తీసి చూస్తే ఎదురుగా" అని ఆగేది. తర్వాతిది "తడిసిన గొడుగు తప్ప ఎవరూ లేరు" అని మొదలయ్యేది. అలా వందలకొద్దీ నవలలు చేతుల్లోంచి జారిపోయాయి గానీ, ఒక్కటీ చదివింది లేదు. మధ్యలో జరిగేదంతా ఆ పుస్తకాలవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకునేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు పక్క ఊరి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. పసిబిడ్డ తల్లి, ఉద్యోగానికి సెలవు అయిపోవస్తోంది.

"అక్కా, నువ్వు వచ్చెయ్. పిల్లదాన్ని నువ్వు చూసుకుంటే నేను నిశ్చింతగా ఆఫీసుకెళ్తా. అక్కడ నీకేముందే, సూదీ దారమేగా! ఏమంటావ్?"

ఏమనాలో ఆవిడకి బాగా తెలుసు. కానీ నోరు ఎప్పట్లాగే తన దారిన తాను పోయింది. "పర్లేదు" అంది.

అంతే, అవతల చెల్లెలు ఎగిరి గంతేసింది. ఇవతల తమ్ముడు, "అక్కకి ఇష్టమైతే నేనెవర్ని కాదనడానికి? ఇక కుట్టుపని ఆపేసి జిగురు బైండింగే చేసుకుంటాలే" అన్నాడు. ఆవిడ మాట చెల్లేది ఒక్క షాపులోని ఆ కిటికీ దగ్గరే. దారం లాగితే కాగితం చెప్పినట్టు వినేది. పసిబిడ్డంటే ప్రాణమే. కానీ ఇదంతా వదిలి పోవడమంటే తన చేతులు తాను ఇక్కడే పెట్టి వెళ్లడమే. ఆ మాట చెప్పాలని రోజూ తమ్ముడి దగ్గరికి వెళ్లడం, నీళ్లు నమలడం, "జిగురు సరిపోయిందా?" అని అడిగి వెనక్కి రావడం.

సరిగ్గా అప్పుడే ఒక నవల చేతికొచ్చింది. అట్టా లేదు, మొదటి పేజీలూ లేవు, పేరేంటో ఆవిడకి తెలీదు. అంకెలు చూసుకుంటూ పోతుంటే ఒక ఫారం చివర "నీకేం కావాలో చెప్పు, అన్నాడు అన్నయ్య. ఆమె" అని ఉంది. తర్వాతి ఫారం "మీకేది వీలైతే అదే, అంది" అని మొదలైంది.

సూది చేతిలో ఆగిపోయింది.

మధ్యాహ్నం అన్నం తినే వేళకి ఆ ఫారం విప్పి కూర్చుంది. కథలో ఒకావిడ ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఖాళీ అయ్యేది ఆవిడ గదే. పెద్ద గది నుంచి చిన్న గదికి, చిన్న గది నుంచి వసారాలోకి, తన ట్రంకుపెట్టె తనే ఈడ్చుకుంటూ మారుతుంది. ఒకచోట అద్దం ముందు నిలబడి "ఈసారి ఇవ్వను, ఈసారి ఇవ్వను" అని సాధన చేస్తుంది. తీరా అడిగినప్పుడు, "మీకేది వీలైతే అదే" అంటుంది.

పర్లేదక్క గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. ఎవరో తన వెనకాలే నిలబడి చూసి రాసినట్టుంది. పొద్దున అద్దం ముందు తను చేసింది అచ్చం ఇదే!

ఇక ఆ పుస్తకం ముందుకు కదిలితే ఒట్టు. చదివిన ఫారం కుట్టడం, చదవనిది అన్నం సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లడం. పనిలో కూర్చుని కథలోని ఆవిడతో మాట్లాడటం కూడా మొదలైంది.

"చెప్పవే తల్లీ! నోరుందిగా, చెప్పు!"

"ఎవరితో అక్కా?" ముందు గదిలోంచి తమ్ముడు.

"సూదితో రా!"

"సూదికి కన్నే ఉంటుంది గానీ నోరెక్కడిది?"

అక్కని తీసుకెళ్లడానికి చెల్లెలు సాయంత్రం బస్సుకి వస్తోందన్న రోజుకి ఒక్క చివరి ఫారం మిగిలింది. అది సంచిలో వేసుకుని, కుట్టిన పుస్తకాన్ని దారం వేలాడుతుండగానే బల్ల మీద ఉంచి, రేపు పొద్దున కుడదాంలే అని తొందరగా ఇంటికెళ్లింది. తమ్ముడు ఆ దారం చూశాడు. పాపం, వెళ్లిపోయే దిగుల్లో ముడి వెయ్యడం మర్చిపోయింది అనుకున్నాడు. తనే ముడేసి, పుస్తకం వీపుకి జిగురు రాసి, అంచులు కోసి, అట్ట బిగించాడు. అంకెలు చూడలేదు. అక్క చేతిలోంచి వచ్చిన పుస్తకంలో అంకెలు చూసుకునే అలవాటు అతనికి లేదు.

మర్నాడు పొద్దున చెల్లెలూ పిల్లా నిద్రలో ఉండగా ఆవిడ టీ గ్లాసుతో కూర్చుని చివరి ఫారం విప్పింది. కథలో అన్నయ్య కొడుకు బండి కొన్నాడు, పెట్టుకోవడానికి వసారా కావాలి. కథలో ఆవిడ అద్దం ముందు నిలబడింది. పర్లేదక్క పేజీ మీదికి వంగింది. ఈసారి చెబుతుంది, చెప్పి తీరుతుంది! ఆవిడ బయటికొచ్చింది. నవ్వింది. "మీకేది వీలైతే అదే" అని ట్రంకుపెట్టె తాళం వేసుకుంది. కథ అయిపోయింది.

పర్లేదక్కకి ఒళ్లు మండిపోయింది. "ఇంతోటి దానికా నేను అన్నం కూడా మానుకుని చదివింది!" అని ఫారాన్ని మంచమ్మీదికి విసిరింది. మళ్లీ తనే వెళ్లి మడత సరిచేసి సంచిలో పెట్టుకుంది. ఎంత కోపమొచ్చినా ఫారం ఫారమే.

షాపుకెళ్లేసరికి బల్ల ఖాళీ. పుస్తకాలన్నీ పొద్దున్నే లైబ్రరీకి చేరిపోయాయి. వెనకే చెల్లెలు పిల్లని ఎత్తుకుని, బట్టల బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చింది. "తమ్ముడూ, అక్కకి టాటా చెప్పు, మధ్యాహ్నం బస్సుకి పోతున్నాం" అంటోంది.

అప్పుడే లైబ్రేరియన్ మేడం విసవిసా లోపలికొచ్చింది. చేతిలో అదే పుస్తకం.

"ఏంటయ్యా ఇది? నాకెంతో ఇష్టమైన నవల. కొత్త అట్టతో వచ్చిందని సంబరంగా చివరి పేజీ తీస్తే, ముగింపే లేదు!"

"మా అక్క చేతిలో ఫారం తప్పడమా?" తమ్ముడు చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆ మాట మా వీధిలో ఎవరితోనైనా అని చూడండి మేడం, నవ్వుతారు. మీరిచ్చినప్పుడే లేదు."

"అంటే మేమే పోగొట్టామనా?"

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడంలో పర్లేదక్కని మించినవాళ్లు లేరు. కానీ కళ్ల ముందు ట్రంకుపెట్టె తాళం వేసుకుంటూ నవ్వుతున్న ఆ మొహం కదిలింది.

"నా దగ్గరుంది" అంది. సంచిలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. "చదువుకోడానికి ఇంటికి పట్టుకెళ్లాను. తప్పు నాదే."

తమ్ముడు నోరు తెరిచినవాడు మూయలేదు. మేడం కోపం మాత్రం ఎటో పోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చదివారా! ఎలా ఉంది?"

తమ్ముడూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జవాబు ఇద్దరికీ ముందే తెలుసు.

"బాలేదు" అంది పర్లేదక్క.

"ఆఁ?"

"మొత్తం బాగుంది మేడం, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది. ముగింపే బాలేదు. అన్ని పేజీలు తిప్పించుకుని చివరికి నవ్వుతుందా? గట్టిగా చెప్పాల్సింది. నేను రానంటే రాను అని మొహమ్మీదే చెప్పాల్సింది!"

మేడం కళ్లజోడు సవరించుకుంది. "రాననడమేంటండీ? ఆవిణ్ణి ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదుగా? గది అడిగారంతే."

పర్లేదక్క నాలుక కరుచుకుంది. కానీ అన్న మాట అననే అంది. ఇక చెల్లెలి వైపు తిరిగింది.

"నేను రాను చెల్లీ. నాకిక్కడే బాగుంది. పిల్లని చూడాలనుంటే సెలవుల్లో నేనే వస్తా. పని వదిలి మాత్రం రాను."

"అదేంటక్కా! ఫోన్లో పర్లేదన్నావుగా!"

"ఆ మాట నేనెప్పుడు అనలేదు గనక?"

ముందు నవ్వింది తమ్ముడు. తర్వాత మేడం. చెల్లెలు మూతి ముడుచుకుంది గానీ ఎంతోసేపు నిలవలేదు. "చెప్పి చావొచ్చుగా ముందే! మా అత్తగారు నేనొస్తా నేనొస్తా అని వెంటపడితే, అక్క వస్తోందని గొప్పగా చెప్పేశా. ఇప్పుడెళ్లి ఆవిణ్ణి బతిమాలుకోవాలి!"

"బతిమాలుకో" అంది అక్క, పిల్లని చేతుల్లోకి తీసుకుంటూ. "పర్లేదు."

"నువ్వుంటానంటే జిగురు బైండింగ్ మాట ఎవడెత్తుతాడు?" అని తమ్ముడు గొణుక్కుంటూ దారపుండ కోసం వెతికాడు.

మధ్యాహ్నం చెల్లెల్ని బస్సెక్కించి వచ్చి, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. అట్ట ఊడదీసి, తమ్ముడు వేసిన మొద్దు ముడి విప్పి, చివరి ఫారం కుట్టింది. కొత్త అట్ట కూడా బిగించాక చూస్తే, ముందే అంచులు కోసిన పుస్తకం కదా, చివరి పేజీలు మిగతావాటికన్నా కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

తమ్ముడు కత్తి పట్టుకొచ్చాడు. "సమానంగా కోసెయ్యనా అక్కా?"

ఆవిడ ఆ పేజీల అంచు మీద వేలితో ఒకసారి రాసింది.

"వద్దు" అంది.

తమ్ముడు కత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, ఆ తర్వాత వచ్చే పర్లేదు కోసం. అది రాలేదు. ఆవిడ అప్పటికే తర్వాతి మూట విప్పి, పైనున్న పుస్తకం మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.