ఈల వేసిన సిలిండర్ హెడ్

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. 2022 నవంబరులో మస్కట్ శివారు అల్ మవాలేలో ఒక ఇంజన్ వర్క్‌షాపులో ఫ్లో బెంచ్, అంటే ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే బల్ల, దగ్గర అసిస్టెంట్‌గా చేరాను. అక్కడ పనిచేసిన మూడేళ్లూ నా దగ్గర రెండు నోటుబుక్కులు ఉండేవి. నీలం అట్టది వర్క్‌షాపుది. అందులో కొలతలు రాసేదాన్ని. రెండోది సన్నది, నా సొంతం. కొలతల షీట్ల కింద దాచుకునేదాన్ని. బెంచి మీద గాలి ఆ రోజు ఎలా వినిపించిందో అందులో రాసేదాన్ని. ‘చేటలో బియ్యం చెరిగినట్టు’, ‘తడి చీర దులిపినట్టు’. డిప్లొమా చదివొచ్చిన అమ్మాయి ఇలాంటివి రాస్తోందని తెలిస్తే నవ్వుతారని భయం.

మా వర్క్‌షాపు పాత డ్రాగ్ కార్ల ఇంజన్లు బాగుచేసేది. డ్రాగ్ రేసంటే మలుపుల్లేని పందెం. పావు మైలు తిన్నగా, ఎంత తొందరగా పోతే అంత. ఓనర్ సయీద్ ఒమానీ. మేమంతా అర్బాబ్ అనేవాళ్లం. సిలిండర్ హెడ్ల పనికి పెద్ద మేస్త్రీ మస్తాన్ భాయ్, కడప ఆయన. నేను చాచా అని పిలిచేదాన్ని. లేత్ మిషన్ మీద జగిత్యాల లింగన్న. వరసలో చివర నేను. మా నాన్న దగ్గర్లోని సీబ్‌లో డ్రైవరు; కరీంనగర్‌లో చదువు ముగించుకుని వచ్చిన నాకు అది మొదటి ఉద్యోగం.

ఇంజన్‌లోకి ఎంత గాలి పోతే అంత పెట్రోలు మండుతుంది, అంత హార్స్‌పవర్ పుడుతుంది. ఆ గాలి పోయేది సిలిండర్ హెడ్‌లోని సొరంగంలాంటి దారిలోంచి. దాన్ని పోర్టు అంటారు. చాచా గ్రైండర్‌తో ఆ దారిని చెక్కేవాడు. చెక్కాక హెడ్‌ను నా బెంచి మీద బిగించేవాళ్లం. కింద మోటారు గాలిని పీలుస్తుంది. నేను పోర్టు చివరి మూతను, అంటే వాల్వును, అంగుళంలో పదో వంతు చొప్పున తెరుస్తూ, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతోందో రాస్తాను. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌కు ఒక అడుగు పెరిగితే రెండు గుర్రాలు పెరిగినట్టని మా వర్క్‌షాపు లెక్క.

కొలత మొదలుపెట్టే ముందు రెండు పనులు తప్పకుండా చేయాలి. కొలిచే గదికి, అంటే పోర్టు చివర పెట్రోలు మండే గుంటకు, ఉన్న రంధ్రంలో స్పార్క్ ప్లగ్గు బిగించాలి. తర్వాత వాల్వు మూసి ఉంచి మోటారు వేసి, గేజీ ముల్లు సున్నా దగ్గర నిలుస్తోందో లేదో చూడాలి. నిలవకపోతే ఎక్కడో లీకున్నట్టే.

రెండో చలికాలంలో అర్బాబ్ తన సొంత కారు హెడ్లు రెండూ తెచ్చాడు. ఆ కారు వాళ్ల నాన్నది. ఆయన నడిపిన రోజుల్లో సాధించిన మంచి టైము డిక్కీ మూతకు లోపలివైపు మార్కర్‌తో రాసి ఉండేది. ఆ టైమును ఆ కారుతో, ఆ హెడ్లతోనే దాటాలని అర్బాబ్ పట్టుదల. పాత పోత ఇనుము హెడ్లు. అలాంటి జత మళ్లీ దొరకదు. పోర్టు గోడకు అవతల నీళ్లు తిరుగుతాయి. గోడ ఎక్కడ ఎంత మందమో పోత పోసినవాడికే తెలియదు. ఒక్క చిల్లు పడితే హెడ్ పనికిరాదు.

ఎనిమిది పోర్టులూ మొదట రెండు వందల ఇరవై అడుగుల దగ్గర ఉన్నాయి. అలవాటు ప్రకారం చాచా ముందు ఒక్క పోర్టునే ప్రయోగంగా బాగా వెడల్పు చేశాడు. అది ఫలిస్తే మిగతా ఏడింటినీ దాని అచ్చున చెక్కడమే.

ఒక గురువారం మధ్యాహ్నం కొలుస్తుండగా అర్బాబ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు, చేతిలో ఫోన్ కెమెరా. వెనక ఎవరైనా నిలబడి చూస్తే నా చేతులు నా మాట వినవు. గబగబా అయిదు కొలతలు తీశాను. చివరిది రెండు వందల నలభై.

“ఇరవై అడుగులు పెరిగె పాపా!” అన్నాడు చాచా. “నలభై గుర్రాలు పుట్టినాయి!”

“పుట్టినయ్ సరే, గడ్డి ఎవలేస్తరు?” అన్నాడు లింగన్న లేత్ దగ్గర నుంచి.

అర్బాబ్ అప్పటికప్పుడు పెద్ద డబ్బా హల్వా తెప్పించాడు. శనివారం పొద్దున మిగతా ఏడూ మొదలుపెట్టమన్నాడు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం ఇంట్లో నా సన్న నోటుబుక్కు తిరగేస్తున్నాను. గురువారం పేజీలో నా అక్షరాలే: ‘ఈ రోజు పోర్టు ఈల వేసింది. సంతోషం పట్టలేక కాబోలు.’

చదివి నవ్వుకున్నాను. వెనక పేజీలు తిప్పాను. ఏడాది పైగా రాసిన పేజీల్లో బియ్యం ఉంది, చీర ఉంది, పోపు ఉంది, ఈల ఒక్కచోటా లేదు. పోర్టులోంచి పోయే గాలి బుసకొడుతుంది, పటపటమంటుంది, ఈల వేయదు. ఈల వేయడానికి చిన్న గుండ్రటి రంధ్రం కావాలి.

మా దగ్గర పాత ప్లగ్గు ఒక్కటే ఉండేది. ఒక గది కొలిచాక దాన్ని విప్పి పక్క గదికి బిగించేదాన్ని. గురువారం బిగించినట్టు నాకు గుర్తు లేదు. వాల్వు మూసి సున్నా చూసినట్టూ గుర్తు లేదు. చూడలేదు కాబట్టే గుర్తు లేదు.

చాచాకు రాత్రిదాకా ఫోన్ చేశాను, స్విచాఫ్. సెలవు రోజు ఆయన చేపలకు పోతాడు, ఫోన్ రూమ్‌లో వదిలేస్తాడు. మరునాడు నాన్నను తొందరపెట్టి ఏడుకే వర్క్‌షాపు దగ్గర దిగాను. గేటు దగ్గరికే గ్రైండర్ మోత వినిపించింది. చాచా ఆరింటికే వచ్చేశాడట.

లోపల చాచా కళ్లద్దాలు, మాస్కు, చెవులకు మఫ్‌లు పెట్టుకుని హెడ్ మీదికి వంగి ఉన్నాడు. “చాచా!” అన్నాను. నా గొంతు మామూలప్పుడే రెండడుగులు దాటదు. మళ్లీ అన్నాను. వెళ్లి భుజం తట్టడానికి భయం. చేయి ఉలిక్కిపడితే గ్రైండర్ గోడలోకి దిగుతుంది.

ఆ గ్రైండర్ నడిచేది కంప్రెసర్ గాలితో. పరుగెత్తి షెడ్డు వెనక్కి పోయి మెయిన్ వాల్వు తిప్పేశాను. మోత సన్నగిల్లి ఆగిపోయింది.

“గాలి ఆపిందెవడ్రా? లింగా!”

“నేనేం చేసిన అన్నా? నేను చాయ్ తాగుతున్న!”

“నేనే ఆపిన చాచా,” అన్నాను, షెడ్డు మూల నుంచే. ఆ వాక్యం అందరికీ వినబడింది. వర్క్‌షాపులో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

నీలం నోటుబుక్కు తెరిచి, పాత కొలతలూ కొత్తవీ పక్కపక్కన పెట్టి వేలు చూపించాను. వాల్వు పదో వంతు తెరిచినప్పుడూ ఇరవై రెండు ఎక్కువ, పదిలో అయిదు వంతులు తెరిచినప్పుడూ ఇరవై ఎక్కువ. వాల్వు కొంచెమే తెరిచినప్పుడు గాలిని ఆపేది ఆ సన్న సందు. పోర్టు ఎంత వెడల్పు చేసినా అక్కడ తేడా రాదు. చాచా ఆ వరస రెండుసార్లు చూశాడు. హెడ్ తెచ్చి నా బెంచి మీద పెట్టాడు.

ప్లగ్గు లేకుండా, వాల్వు మూసి, మోటారు వేశాను. ముల్లు ఇరవై రెండు దగ్గర నిలిచింది. ఈల మొదలైంది. చాచా తన బొటనవేలు తీసుకెళ్లి ప్లగ్గు రంధ్రం మీద పెట్టాడు. ఈల ఆగింది, ముల్లు సున్నాకు పడింది. వేలు తీశాడు, ఈల. పెట్టాడు, ఆగింది. నాలుగైదుసార్లు అలా చేసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“నలభై గుర్రాలూ ఈ బొక్కలోంచే పారిపాయనే!”

“గడ్డి ఖర్చు తప్పింది,” అన్నాడు లింగన్న.

ప్లగ్గు బిగించి కొలిస్తే ఆ పోర్టు అసలు లెక్క రెండు వందల పద్దెనిమిది. వెడల్పు చేయకముందు కన్నా రెండు తక్కువ. చాచా నవ్వు ఆపి, ఆ పొద్దున మొదలుపెట్టిన పోర్టును లైటు వేసి చూశాడు. పైపొర మాత్రమే గీసుకుపోయింది. “అల్లా కాపాడినాడు. ఇంగో గంటుంటే గోడ యాడికి పోయేదో,” అన్నాడు.

అర్బాబ్‌కు తాను చెప్తానన్నాడు చాచా. తప్పు నాది, నేనే చెప్తానన్నాను. హిందీలో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని, అర్బాబ్ ముందు నిలబడి చదివాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. మిగతా ఏడూ బాగున్నాయా? బాగున్నాయన్నాను. అయితే ఖలాస్, ఇక ఆ సంగతి వదిలెయ్ అని, ఫ్రిజ్‌లో మిగిలిన హల్వా డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. గురువారం తిన్నది తొందరపడి తిన్నామని, ఈ రోజుది న్యాయంగా వచ్చిందని అన్నాడు.

తర్వాత మూడు వారాల్లో చాచా పద్ధతి మార్చాడు. వెడల్పు చేసిన పోర్టు అడుగును ఎపాక్సీ బంకతో పూడ్చి పైకి లేపాడు. మిగతా వాటిని పెద్దవి చేయకుండా, వాల్వు కింద గాలి మలుపు తిరిగేచోట మాత్రమే నునుపు చేశాడు. ఎనిమిదీ రెండు వందల ముప్పైకి అటూ ఇటూ వచ్చాయి. ఇరవై గుర్రాలు, ఈసారి నిజమైనవి. ఫిబ్రవరి రేసులో కారు అర్బాబ్ నాన్న టైమును దాటింది. డిక్కీ మూత మీద పాత అంకె కింద అర్బాబ్ మార్కర్‌తో కొత్త అంకె రాశాడు. చాచా, లింగన్న ట్రాక్ పక్కన గంతులేశారు; నేను కూడా.

ఆ పని నాకు నేర్పింది ఇది. చెడ్డ కొలత వస్తే ఎవరైనా మళ్లీ కొలుస్తారు. మంచి కొలత వచ్చినప్పుడే ముందు సున్నా చూడాలి. పోర్టు పెద్దదైతే గాలి పెరుగుతుందని లేదు. గాలికి వేగం కూడా కావాలి. వర్క్‌షాపు షీట్‌లో ‘శబ్దం’ అని ఒక గడి నేను చేర్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

పోయిన నవంబరులో నాన్న కంపెనీ కాంట్రాక్టు ముగిసింది. మేం తిరిగి వచ్చేశాం. చివరి రోజు నీలం నోటుబుక్కు చాచాకు అప్పగించాను. షీట్ల కట్ట సర్దుతూ, సన్నదాన్ని మెల్లగా బ్యాగులోకి జారవిడిచాను. ఆయన గ్రైండర్ తుడుచుకుంటున్నాడు, నావైపు చూడలేదు.

“బియ్యం చెరిగేది, ఈల ఏసేది, అన్నీ ఉండాయి గదా దాంట్లో? జాగర్తగా ఎత్తుకపో పాపా,” అన్నాడు.