పెద్దమ్మ సగం మాటలు

మనవరాలి ఇంగ్లీషు గ్రామరు పుస్తకం తెరవగానే సిరా వాసన వేసింది. ముప్పైలనాటి ఏలూరు మిషన్ బడి, మా టీచరమ్మగారి విసుగు గుర్తొచ్చాయి.

“‘ఇఫ్ ద రెయిన్ స్టాప్స్’ అని ఆగిపోతే ఎలాగమ్మా? అది డిపెండెంట్ క్లాజు. పక్కన ఇండిపెండెంట్ క్లాజు లేకపోతే నిలబడదు,” అన్నారు ఆవిడ.

“మా ఇంట్లో నిలబడుతుందండీ,” అన్నాను.

“మీ ఇంటి గ్రామరు పరీక్షలో రాస్తే సున్నా వస్తుంది.”

మాది కొల్లేటి లంక. ఏలూరులో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. “ఏవండీ, వాన వెలిస్తే...” అని పెద్దమ్మ ఆగేది. పెదనాన్న సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరేవారు. ఆ మాటకు ఇంకేం తక్కువైందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ, “ఏవండీ, ఒక్కసారి లంకకెళ్ళి మా అమ్మను చూసొస్తే...” అంది.

“ఇప్పుడు కుదరదు,” అన్నారు పెదనాన్న, పేపరులోంచి తలెత్తకుండా.

పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాక్యం పూర్తయింది కదా, టీచరమ్మగారిదే తప్పనుకున్నాను.

ఇప్పుడు మనవరాలికి అదే పాఠం చెబుతుంటే ఒళ్ళు మండుతోంది. పెద్దమ్మ మొదలుపెట్టిన వాక్యాలన్నీ పెదనాన్నే ముగించేవారు.