ఆగకూడని కారు, చేజారిన ముసుగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి లోకంలో ఉందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఫిజిక్సు డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది, అల్లూరులో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను, ఇక చెప్పేదేముంది! కారెక్కితే చాలు, చెట్లు వెనక్కి పోవడం లేదనీ, మనమే ముందుకు పోతున్నామనీ, అయినా కారులో కూర్చున్నవాడు చెట్లే పోతున్నాయన్నా తప్పు కాదనీ చెప్పి పక్కవాళ్ళ ప్రాణం తీసేవాణ్ణి. (మా అక్క అయితే నేను కారెక్కగానే నిద్ర నటించేది.) అలాంటి నన్ను, అక్క పెళ్ళినాడు పెళ్ళికూతురి కారులోనే ఎక్కించారు. తప్పు వాళ్ళది.

మా మేనత్తకు ఒక పట్టింపు ఉంది. ఇంట్లో ప్రార్థన చేసుకుని బయలుదేరిన పెళ్ళికూతురి కారు, చర్చి గుమ్మం దాకా ఎక్కడా ఆగకూడదు. అది బైబిల్లో ఎక్కడుందని అడిగే ధైర్యం మా పాస్టరుగారికే లేదు. వెనక సీట్లో అక్క మధ్యన, అత్త ఎడమ కిటికీ దగ్గర, నేను కుడి కిటికీ దగ్గర కూర్చున్నాం. నలిగిపోతుందని అక్క తెల్ల ముసుగును అత్త తీయించి తన ఒళ్ళో పెట్టుకుంది. ఊరు దాటి రొయ్యల గుంటల మధ్యకు వచ్చాక, వెనక కారులోంచి పెదనాన్న ఫోన్ చేశాడు. పెళ్ళికొడుకుకు తొడగాల్సిన ఉంగరం డబ్బా ఆయన జేబులోనే ఉండిపోయిందట. అత్తకు చెమటలు పట్టాయి. ఉంగరం చేతిలో లేకుండా పెళ్ళికూతురు చర్చి మెట్లెక్కడమా? పోనీ కారు ఆపి తీసుకుందామా అంటే, అదీ కుదరదు.

అప్పుడు నేను గొంతు సవరించుకున్నాను.

"ఆపే పన్లేదత్తా. రెండు కార్లూ పక్కపక్కన ఒకే స్పీడులో పోతే, మనకు ఆ కారు నిలబడి ఉండేట్టే లెక్క. అరుగు మీద కూర్చోని అందుకున్నట్టు అందుకోవచ్చు."

రోడ్డు ఖాళీగా ఉంది. మా డ్రైవరన్న వేగం తగ్గించాడు, ఫోన్లో చెప్పగానే పెదనాన్న కారు కుడిపక్కకు వచ్చింది. నేను అద్దం దించాను. చెమటకు కాస్త గాలి తగలాలని అత్త కూడా తన వైపు అద్దం దించింది. నిజంగానే పెదనాన్న నా ఎదురుగా కదలకుండా కూర్చుని ఉన్నాడు, మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. డబ్బా చేయి మారింది. ఫిజిక్సు నా మాట విన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

రెండు కార్లనూ ఒప్పించాను గానీ, గాలితో మాట్లాడలేదు. ఇటు దూరిన గాలి అత్త ఒళ్ళోని ముసుగును ఎత్తుకుని అటు కిటికీలోంచి వెళ్ళిపోయింది. తిరిగి చూసేసరికి అది రొయ్యల గుంటలో నీళ్ళు చిమ్మే చక్రానికి చుట్టుకుని గిరగిరా తిరుగుతోంది. డ్రైవరన్న కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపబాక," అంది అత్త.

కారు సాగిపోయింది. ఆ ముసుగు కోసం అక్క నెల్లూరులో ఎక్కని కొట్టు లేదు. ఇక ఏడుస్తుంది, ఈ పెళ్ళి నావల్లే పాడయింది అనుకున్నాను. అక్క మళ్ళీ మా వెనక్కి చేరిన పెదనాన్న కారు వంక చూసి, నెమ్మదిగా అడిగింది.

"పెదనాన్న కూడా చర్చికే గదరా వస్తా ఉండేది?"

డబ్బా నా చేతిలో బరువెక్కింది. ముందు నవ్వింది అత్తే. నవ్వుతూనే అక్క పట్టుచీర కొంగు తల మీదికి లాగి, మీ అమ్మా నేనూ ఆదివారం కప్పుకునేది ఇదే గదమ్మా అని సర్దింది. పెళ్ళి ఫొటోల్లో అక్క ప్రమాణం చేస్తూ కూడా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు ఆ దారిన పోతే అక్క నిద్ర నటించదు, నేను పాఠం చెప్పను. గుంట దగ్గరికి రాగానే ఇద్దరం ఎడమపక్కకు చూస్తాం. ఆ గుంట మెల్లగా వెనక్కి పోతుంది. ఉంగరం డబ్బా పట్టుకుని, తనకు తెలియనిది లేదనుకుంటూ కూర్చున్న ఆ కుర్రవాడూ దాంతోపాటే వెనక్కి పోతాడు. పోతున్నది నేనేనని తెలుసు. అయినా కాసేపు వాడే పోతున్నాడనుకుంటాను. అలా అనుకున్నా తప్పు కాదు.