హారన్ వదులుకుని ఫ్యాన్ తిప్పుకున్నాం: తెనాలి మీదుగా బాపట్ల

ఈ నెల ఇరవయ్యో తారీఖున మా రేపల్లె వైపు నుంచి ఇంకొందరు సర్టిఫికెట్ల పరిశీలనకు బాపట్ల వెళ్తున్నారు. బస్సు మంచిదా, కారా అని అడుగుతున్నారు. నేను మొన్న సోమవారమే వెళ్ళొచ్చాను. దారిలో తెలిసిన సంగతి వాళ్ళు బయల్దేరక ముందే చెప్పాలని ఇప్పుడే రాస్తున్నాను.

నాకొచ్చింది టీచరు ఉద్యోగం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు కాగితాలన్నీ చూపించకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా తర్వాతి పేరుకి పోతుంది. డిగ్రీ పట్టా తెనాలి కాలేజీలోనే ఉండిపోవడంతో చెరుకుపల్లి మీదుగా సూటిగా కాకుండా తెనాలి చుట్టి వెళ్ళాల్సి వచ్చింది. మామయ్య పాత కారు అడిగి తీసుకున్నాను. పక్క సీట్లో నాన్న. ఆయన కూలికి వెళ్ళి పొలాల్లో ఆయిల్ ఇంజన్లు నడిపిన మనిషి. ఇంజన్ వేడెక్కిందంటే నీళ్ళు తగ్గినట్టేనని ఆయన నమ్మకం. అందుకే ఎనిమిదింటికి బయల్దేరే ముందే రేడియేటర్ నిండా నీళ్ళు పోశాడు.

పదింటికల్లా పట్టా చేతికొచ్చింది. తెనాలి మార్కెట్ దగ్గర ఆటోల మధ్య కాసేపు ఆగిపోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్ళింది. ఇంజన్ ఆపేసి, ఇద్దరం కారుని పక్కనున్న మెకానిక్ షెడ్డులోకి తోశాం. నాన్న బాటిల్ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"తియ్యమాకు పెద్దాయనా, మొహం కాలుద్ది" అన్నాడు మెకానిక్. నా వైపు తిరిగి, "ముల్లు పరిగెత్తేటప్పుడు లేచిందా, ఆగినప్పుడా అమ్మాయ్?" అనడిగాడు.

"ఆగినప్పుడేనండి."

"అయితే తక్కువైంది నీళ్ళు కాదు, గాలి. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి సరిపోద్ది. ఆగితే ఫ్యాన్ తిరగాలి."

కాస్త చల్లారాక ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యమన్నాడు. ఏసీ వేస్తే తిరగాల్సిన ఫ్యాన్ కదల్లేదు. ఫ్యూజ్ చూశాడు, బాగుంది. బ్యాటరీ నుంచి నేరుగా వైరు కలిపితే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే మోటారూ బాగున్నట్టే. ఇక మిగిలింది రిలే, ఫ్యాన్‌కి కరెంటు అందించే చిన్న నల్ల డబ్బా. అది అమ్మే షాపు పదకొండున్నరకి గానీ తియ్యరట.

"ఈ కారులో హారన్‌కీ ఇదే రకం రిలే. హారన్ కావాలా, ఫ్యాన్ కావాలా?" అన్నాడు.

"ఫ్యాన్‌కి పెట్టయ్యా. హారన్ నేను కొడతా" అన్నాడు నాన్న.

మెకానిక్ వంద రూపాయలు తీసుకుని, మెల్లగా వెళ్ళమన్నాడు. పదీ నలభైకి కదిలాం. పొన్నూరు దాటేదాకా నాన్న తల బయటపెట్టి, చేలో పిట్టల్ని తోలే గొంతుతో "తప్పుకోండయ్యా" అని అరుస్తూనే ఉన్నాడు. గడ్డిమోపుతో బండి మీద వెళ్తున్న ఒకాయన నవ్వి, "ఏంటి బాబాయ్, కారుకి నోరు నువ్వేనా?" అన్నాడు.

"ఇవాళ్టికి నేనేరా అబ్బాయ్."

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుందనగా బాపట్ల చేరాం. గుమాస్తా తండ్రి పేరు అడిగితే చెబుదామని నాన్న ముందుకొచ్చాడు. దారంతా అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. నేను చెప్పాను. కాగితాల మీద ముద్ర పడింది. బాపట్లలోనే కొత్త రిలే వేయించుకుని, కర్లపాలెం మీదుగా ఇంటికొచ్చాం.

మూడు వారాలుగా ఆ కారు వేడెక్కుతూనే ఉందట. అందరూ నీళ్ళు పోశారు, ఎప్పుడు వేడెక్కుతోందని ఒక్కరూ అడగలేదు. చదువుకున్నదాన్ని, కనీసం నేనైనా అడగాల్సింది. మీరు మాత్రం బయల్దేరే ముందు రోజే ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేసి, చెయ్యి దూరంగా పెట్టి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసుకోండి.

ఇరవయ్యో తారీఖున మళ్ళీ అదే కారు నేనే నడుపుతున్నాను. హారన్ బాగానే మోగుతోంది, అయినా నాన్న ముందు సీటు వదలనంటున్నాడు. వెనక మూడు సీట్లున్నాయి. వచ్చేవాళ్ళు పదిహేనో తారీఖులోగా కింద కామెంట్‌లో చెప్పండి.