రోజారాణి కుట్టిన రక్తపిశాచి గౌను

మేడ్చల్ బస్ డిపో దగ్గర ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్న రోజారాణిని ఏ గౌనూ ఇంతగా సతాయించలేదు. సాయికిరణ్ అనే కుర్ర దర్శకుడు శామీర్‌పేటలో ఓ గెస్ట్‌హౌస్ అద్దెకు తీసుకుని సినిమా తీస్తున్నాడు. ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు ఆడ రక్తపిశాచుల కథ. పెద్దదానికి నల్ల మఖ్మల్ గౌను కావాలన్నాడు. మెడ దించమన్నాడు, మళ్ళీ ఎత్తమన్నాడు, అంచు నేలమీద జీరాడాలన్నాడు. పదకొండు రోజులు ప్రాణం తోడేశాడు. రక్తం తాగేది వీడేనేమో అనుకుంది రోజారాణి.

ఇంతా చేసి, ఆఖరి సీన్లో ఆ పిశాచి గుండెల్లో మేకు దిగాలన్నాడు. అప్పుడు లాగగానే ఊడేలా గౌను ముందు భాగానికి కచ్చా కుట్టు మాత్రమే వేసి వదిలేయమన్నాడు.

“గామెను ఎందుకు సంపుడు?”

“రక్తం తాగుతది గదక్కా.”

“మొగ రాక్షసుడు తాగితే రెండో భాగం తీస్తరు. ఇద్దరు ఆడోళ్ళు కలిసుంటే మేకు దించుతరు. ఏం కథలు తమ్మీ మీవి?”

అల్వాల్‌లో ఇంటికొచ్చి అదంతా స్రవంతి దగ్గర వెళ్ళగక్కింది. ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకరికొకరై ఉంటున్నారు. బయట ఎవరడిగినా రోజారాణి మాత్రం “మా చిన్నమ్మ బిడ్డ” అంటుంది. ఆ మాటంటే స్రవంతికి ఒళ్ళు మంట.

“షూటింగుకు నేను గూడ వస్త. ఆడ గూడ చిన్నమ్మ బిడ్డ అంటివో, ఇగ నీతోని యాడికీ రాను,” అని తేల్చి చెప్పింది.

షూటింగు రోజు గెస్ట్‌హౌస్‌లో పట్టపగలే కిటికీలకు నల్లగుడ్డలు కట్టి మేకు దించారు. గౌను చిరగలేదు. మూడుసార్లు లాగినా దారప్పోగు కదల్లేదు. పిశాచి వేషం వేసిన ఆశ్రిత నేలమీద పడి నవ్వుతోంది. రోజారాణికి అప్పుడు గుర్తొచ్చింది. కచ్చా కుట్టు వేశాక, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ, దానిమీద మిషన్ కుట్టు రెండు వరసలు వేసేసింది. సిగ్గేసింది. లోపల సంతోషమూ వేసింది.

సాయికిరణ్ తల పట్టుకున్నాడు. మూలన కుర్చీలో నవ్వుతున్న స్రవంతి మీద అతని చూపు పడింది.

“నన్ను చూసి నవ్వుతాంది, గామె ఎవరక్కా?”

చిన్నమ్మ బిడ్డ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. స్రవంతి నవ్వు ఆపి ఆమెనే చూస్తోంది.

“నా మనిషి,” అంది రోజారాణి. “ఇరవై రెండేండ్ల సంది మేమిద్దరం కలిసే బతుకుతున్నం. కత్తెర ఇస్త గని, గౌను నువ్వే కోసుకో.”

స్రవంతి తన కుర్చీ ఎత్తుకొచ్చి, అందరూ చూస్తుండగానే, రోజారాణి పక్కన వేసుకుని కూర్చుంది.